దాలయ్య ఒంట్లో లేనిది

దాలయ్య కత్తి ఎత్తినప్పుడు అతని తమ్ముడు ఎర్రన్న ఒడ్డున కూర్చుని వలలోంచి కవళ్ల చేపల్ని దులుపుతున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. శ్రీకూర్మం దాటి తూర్పుకు పోతే సముద్రం ఒడ్డునే ఉంటుంది వాళ్ల ఊరు. అప్పుడప్పుడే బోట్లు చేరుతున్నాయి. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని బేరాలాడుతున్నారు. వెనకనుంచి అన్న అడుగులు వినిపించాయి గాని ఎర్రన్న తల తిప్పలేదు. ఆ నడక ఊరందరికీ తెలిసిందే. కొంతకాలంగా దాలయ్య కాళ్లు వెడల్పుగా వేసి, నేలని తన్నుతున్నట్టు తూలుతూ నడుస్తున్నాడు.

"నా వల కోసినావు కదరా," అన్నాడు దాలయ్య.

"ఏ వల, అన్నియ్యా? నీ వల ఇంటికాడే..."

మాట పూర్తికాలేదు. కోనెం చేపల్ని నరికే పొడుగాటి కత్తి ఎర్రన్న భుజంలో దిగింది. నొప్పి తెలియలేదు, వీపు మీద వేడినీళ్లు పోసినట్టయింది అంతే. లేవబోతూ ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. కత్తి మళ్లీ పడింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ తెగి, వల మీద ఇంకా కొట్టుకుంటున్న చేపల మధ్య పడ్డాయి.

"నన్ను సంపుదామనుకున్నావురా! నువ్వూ మీ వదినా కలిసి!" దాలయ్య నోటి చివర నురగ. కళ్లు తమ్ముణ్ని చూస్తున్నట్టు లేవు, తమ్ముడి వెనక నిలబడ్డ ఇంకెవరినో చూస్తున్నట్టున్నాయి.

పక్క బోటువాళ్లు పరుగెత్తుకొచ్చి దాలయ్యని వెనకనుంచి పట్టుకున్నారు. నలుగురికి గాని లొంగలేదు. ఇసుకలో బోర్లా పడేసి, వీపు మీద మోకాళ్లు పెట్టి, చేతిలోంచి కత్తి లాగేసరికి వాళ్లలో ఒకడి చెవి దాలయ్య పళ్ల మధ్య ఉంది.

తండ్రి తుపానులో పోయినప్పుడు ఎర్రన్నకి ఇంకా ఈత కూడా సరిగా రాదు. భుజాన ఎక్కించుకుని అలల్లోకి తీసుకెళ్లింది దాలయ్యే. తెడ్డు పట్టడం, గాలి వాసన చూసి వాన చెప్పడం, నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పడం అన్నీ అన్న నేర్పినవే. ఎర్రన్నకి పెళ్లి కుదిర్చిందీ అన్నే. ఏనాడూ తమ్ముడి మీద చెయ్యి లేపిన మనిషి కాదు.

దాలయ్యకి చక్కెర జబ్బు బయటపడి చాలా ఏళ్లయింది. ఉదయం, రాత్రి షుగర్ బిళ్ళ వేసుకునేవాడు. కడుపులో మంటగా ఉందని మందుల షాపులో అడిగితే గ్యాస్ బిళ్ళ ఇచ్చారు. అది బాగా పనిచేసింది. ఇక ఆపలేదు. రోజూ టీ తాగే ముందు అదొకటి పడేది, కారం ఎక్కువ తిన్న రోజు రెండు. కొన్నేళ్ల కిందట సరుగుడు తోటల్ని పడగొట్టిన పెద్ద తుపాను వెళ్లాక, మరుసటి ఏడు నుంచి మార్పు మొదలైంది. పాదాలకి దూది కట్టినట్టుందని అనేవాడు. బోటు అంచున నిలబడలేక నీళ్లలో పడ్డాడు. నాలుక నున్నగా ఎర్రగా అయి పులుసు తగిలితే మండేది. నిద్రపోయేవాడు కాదు. కొన్నాళ్లకి, భార్య కూర్మమ్మ పెట్టిన కంచం గోడకేసి కొట్టి, కూరలో ఏదో కలిపావని ఆమె జుట్టు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. ముసలితనమన్నారు కొందరు. తాగుడన్నారు కొందరు, అతను తాగడని తెలిసి కూడా.

ఇప్పుడు ఇసుకలో పడున్న అన్నని చూస్తుంటే ఎర్రన్నకి అవేవీ గుర్తురాలేదు. ఎవరో లుంగీ చింపి అతని చేతికి బిగించి కట్టారు. భుజానికి తుండుగుడ్డ అదిమారు. దాలయ్యని ఈడ్చుకెళ్లి ఒడ్డు మీదున్న పాత బోటు ముందు కొమ్ముకి వలతాడుతో కట్టారు.

"గాలి పట్టినాది," అన్నాడు గంగులు. దెయ్యాలు వదిలిస్తాడని పేరున్నవాడు, నిప్పుల కుండతో సహా వచ్చేశాడు. "సముద్రంలో పోయినోడెవుడో ఎక్కినాడు. దెబ్బలు ఈడికి తగల్వు, ఆడికే తగుల్తాయి. ఏటంతావు, ఎర్రన్నా?"

అందరూ ఎర్రన్న వైపు చూశారు. నరికించుకున్నవాడి మాట కదా.

"కొట్టు," అన్నాడు ఎర్రన్న.

గంగులు నిప్పుల మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి కుండని దాలయ్య మొహం కింద పెట్టాడు. పొగ లేచింది. దాలయ్య దగ్గి, ఊపిరాడక తలని వెనక్కి చెక్కకేసి బాదుకున్నాడు. గంగులు ఈతబెత్తంతో తొడల మీద, కడుపు మీద కొట్టాడు. చర్మం చిట్లి గీతలు గీతలుగా నెత్తురు ఉబికింది. "ఎవుడివిరా నువ్వు? పేరు సెప్పు!" అని అడుగుతున్నాడు. "దాలయ్యని... నాను దాలయ్యని," అంటున్నాడు దాలయ్య. ఆ మాట అన్నప్పుడల్లా దెబ్బ పడుతోంది.

ఎర్రన్న లేచాడు. ఆస్పత్రికి పద, నెత్తురు పోతోందని ఎవరో అన్నారు. అతను వినలేదు. పక్కనున్న బోటులోంచి కుడిచేత్తో తెడ్డు తీశాడు. "అడ్డు లెగు," అని గంగుల్ని పక్కకి నెట్టాడు.

మొదటి దెబ్బ పక్కటెముకల మీద కొట్టాడు. లోపల ఏదో పుటుక్కుమంది. దాలయ్య అరవలేదు, గాలి బయటికి పోయిన చప్పుడు మాత్రం వచ్చింది. ఎర్రన్న మళ్లీ తెడ్డు ఎత్తి మోకాలి కింద కొట్టాడు. ఎముక విరిగి కాలు ఉండకూడని దిక్కుకి వంగింది. చేతికి కట్టిన గుడ్డలోంచి తన నెత్తురు తెడ్డు మీదికి కారుతోంది, పట్టు జారుతోంది, మళ్లీ బిగిస్తున్నాడు. కొడుతున్న కొద్దీ ఇంకా కొట్టాలనిపించింది. చుట్టూ ఎవరూ ఆపలేదు.

కూర్మమ్మ అప్పుడొచ్చింది. చేపలు అమ్ముకోడానికి శ్రీకూర్మం వెళ్లి, ఎవరో ఫోను చేస్తే ఆటోలో తిరిగొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుడి మీద అడ్డంగా పడింది. అప్పటికే దిగుతున్న తెడ్డు ఆమె ముంజేతి మీద పడింది. చెయ్యి వేలాడిపోయింది.

అయినా లేచింది. ఇసుకలో పడున్న కత్తిని రెండో చేత్తో తీసుకుని ఎర్రన్నకీ గంగులుకీ ఎదురుగా నిలబడింది.

"ఇంకో దెబ్బ ఏసినారంటే పేగులు తీసీసి కాకులకి ఏస్తాను. ఎర్రన్నా, నిన్ను కూడా. నాను పెంచిన గుంటడివని సూడను."

ఆమె చెప్పినంత పనీ చేస్తుందని చూసినవాళ్లందరికీ తెలిసింది. గంగులు నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఎర్రన్న చేతిలోంచి తెడ్డు జారింది. మోకాళ్ల మీద కూలబడి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి చెయ్యంతా కట్టు, భుజానికి కుట్లు. వేళ్లు అతకలేదన్నారు. అన్న అదే వరండాకి అవతలి వార్డులో ఉన్నాడని, మంచానికి కట్టేసి ఉంచారని తెలిసింది. నిలబడగలిగిన రోజున, పళ్లు కోసుకునే చాకు ఒకటి పక్క మంచం వాళ్ల సంచిలోంచి తీసి లుంగీ మడతలో దోపుకుని అక్కడికి వెళ్లాడు. ఏం చేస్తాడో అతనికే తెలియదు. కానీ ఖాళీ చేతులతో వెళ్లదలచుకోలేదు.

మంచం దగ్గర డాక్టరు అరుణశ్రీ ఉంది. వయసులో చిన్నదే, రాజాం పిల్ల. దాలయ్య నాలుక టార్చిలైటుతో చూసింది. మోగుతున్న ఇనప చువ్వలాంటిది కట్టు లేని కాలి బొటనవేలి మీద ఆనించి, తెలుస్తోందా అని అడిగింది. దాలయ్యకి ఏమీ తెలియలేదు. కూర్మమ్మ పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చునుంది.

"షుగర్ బిళ్ళ ఎన్నేళ్లుగా వాడుతున్నాడమ్మా? ఇంకేమైనా వేసుకుంటాడా?"

"గ్యాస్ బిళ్ళ. అది నేకపోతే ఆడికి తెల్లారదు."

అరుణశ్రీ తల ఊపింది. "రక్తం రిపోర్టు వచ్చిందమ్మా. ఒంట్లో బి ట్వెల్వ్ అనే విటమిన్ దాదాపు లేదు. నరాలకి, మెదడుకి అది కావాలి. బాగా తగ్గిపోతే కాళ్లు మొద్దుబారతాయి, తూలతారు. కొందరికి మనసు చెదురుతుంది. లేనివి ఉన్నట్టు అనిపిస్తాయి. అయినవాళ్లే చంపడానికి చూస్తున్నట్టనిపిస్తుంది."

"విటమినంటే తిండిలో ఉంటాదంటారు కదమ్మా. రోజూ సేపలు తింటాడు."

"చేపలో బాగానే ఉంటుంది. కానీ అది చేపలోంచి విడిపోవాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. గ్యాస్ బిళ్ళ ఆ యాసిడ్‌నే ఆపుతుంది. విడిపోయిన కాస్తా పేగుల్లోంచి ఒంటికి ఎక్కకుండా షుగర్ బిళ్ళ కొంత అడ్డుకుంటుంది. రెండూ ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తే ఒంట్లో దాచుకున్నదంతా అయిపోతుంది. అందరికీ ఇంత దూరం రాదు, చాలామందికి తిమ్మిర్లతో ఆగుతుంది. ఈయనకి ఆగలేదు."

"అయితే ఆ బిళ్ళలు పారీమంటావా?"

"షుగర్‌ది మానకూడదు, మానితే ఇంకో ప్రమాదం. గ్యాస్‌ది అవసరమో లేదో మేం చూస్తాం. ఇంజక్షన్లు మొదలుపెట్టాం. ఏడాదికోసారైనా రక్తం చూపించుకునుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు."

ఎర్రన్న గుమ్మంలోంచి ముందుకొచ్చాడు. "రోగమైతే కత్తి నా మీదకే ఎందుకొచ్చినాది? ఊర్లో ఇంకెవుడూ నేడా?"

అరుణశ్రీ అతని కట్టు వైపు చూసింది. "ఈయన కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తికి గుచ్చుకుంది. ఈమె చెయ్యి విరిగింది. కొట్టినవాళ్లకి ఏ రోగం?"

కూర్మమ్మ ఎర్రన్న లుంగీ మడతనే చూస్తోంది. స్టూలు మీంచి లేచి వచ్చి, మడతలోంచి చాకు తీసి కిటికీలోంచి బయటికి విసిరేసింది. చెంప మీద కొట్టింది. కుట్లు వేసిన భుజందాకా అదిరింది. అతను మొహం తిప్పుకోలేదు. ఇంకోటి కొట్టింది.

పోలీసులు వచ్చి అడిగితే ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు ఇవ్వలేదు. గంగులు మాత్రం కొన్నాళ్లు ఒడిశా వైపు చుట్టాలింటికి పోయాడు.

ఇంజక్షన్లు పడుతున్న కొద్దీ దాలయ్యకి నిద్ర పట్టింది. మంచానికి కట్టిన కట్లు విప్పారు. కళ్లలో మనిషి కనిపించడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఎర్రన్న మంచం పక్కన నిలబడితే చాలాసేపు చూసి అడిగాడు.

"సెయ్యికేటైనాదిరా?"

కూర్మమ్మ నోరు తెరవబోయింది. ఎర్రన్న వద్దన్నట్టు తల ఊపి, తనే చెప్పాడు. "నువ్వు నరికినావు, అన్నియ్యా. మతి నేక."

దాలయ్య కట్టుకట్టిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. లేని వేళ్ల చోట తడిమాడు. గొంతులోంచి జంతువు మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది, పక్కటెముకలు నొప్పెట్టి సగంలో ఆగిపోయింది. ఊపిరి కుదుటపడ్డాక, తన కాలి వైపు చూసుకున్నాడు.

"ఇది?"

"నాను ఇరగ్గొట్టినాను. తెడ్డుతో."

"నువ్వూ మతి నేకేనా?"

ఎర్రన్న అవునందామనుకున్నాడు. అనడానికి తేలికే. గాయం, కోపం, చుట్టూ జనం. కానీ ప్రతి దెబ్బా గుర్తుంది. ఎక్కడ కొట్టాలో చూసుకుని కొట్టాడు. మోకాలి కింద కొట్టాలని అనుకునే కొట్టాడు.

"నేదు అన్నియ్యా," అన్నాడు. "నాకు మతి ఉన్నాది."

దాలయ్య చెయ్యి వదల్లేదు. తల మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు.

దాలయ్య నడక పూర్తిగా బాగుపడలేదు. కాలు అతుక్కున్నా వంకర మిగిలింది, పాదాల మొద్దు కొంతే తగ్గింది. సముద్రంలోకి మళ్లీ వెళ్లలేదు. నెల నెలా ఇంజక్షనుకి ఎర్రన్నే బండి మీద తీసుకెళ్తాడు. దారిలో చేపల ధర గురించి, గాలి గురించి మాట్లాడుకుంటారు. అన్న ఎప్పుడైనా పరాకుగా, "ఆ రోజు..." అని మొదలుపెడితే ఎర్రన్న బండి వేగం పెంచుతాడు.

కూర్మమ్మ మాత్రం అతన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వదు. మొగుణ్ని వీధి అరుగు మీదే అప్పగించి, అక్కడే దించుకుంటుంది. చెయ్యి సరిగా తిరగదు కాబట్టి తలుపు గడియ మోచేత్తో తోస్తుంది. ఆ చప్పుడు విన్నాకే ఎర్రన్న బండి స్టార్టు చేస్తాడు.