కొత్త మెషిన్‌కి దిష్టి

ఆ వెల్డింగ్ మెషిన్ వచ్చిన రోజు నుంచి గౌరీశ్వరికి అన్నం సహించడం లేదు. కూతురు భవ్యశ్రీ ఐటీఐ చదివి, పలాసలో తమ ఇంటి రోడ్డు వైపు వరండాలోనే స్టీలు అతికే టిగ్ వెల్డింగ్ షాపు పెట్టింది. షాక్ కొడుతుందని, కళ్లు పోతాయని, సిలిండరు పేలుతుందని తల్లి రోజుకో భయం కనిపెట్టేది. ఈ గ్యాసు అంటుకోదని కూతురు చెప్తే, "అంటుకోపోతే గ్యాసని ఎందుకంతారే?" అనేది.

ఈరోజు కొత్త భయం వెతుక్కోనక్కర లేకపోయింది. మెషిన్ నిజంగానే మొరాయించింది. కాలి కింద పెడల్ తొక్కితే చేతిలో పట్టుకునే టార్చి గొట్టంలో గ్యాసు బుస్సుమనాలి, మొన దగ్గర నిప్పు వెలగాలి. రెండూ లేవు. ఎదురుగా స్టూలు మీద జీడి ఫ్యాక్టరీ చిన్నారావు కూర్చున్నాడు. పప్పు ఆరబెట్టే ట్రే చిల్లు పడితే తెచ్చాడు. ఇది కుదిరితే మిగతా నలభై ట్రేలూ భవ్యశ్రీకే.

"మద్దేన్నం దాకా సూత్తానమ్మా. అవ్వకపోతే టెక్కలి అట్టుకెల్లిపోతాను," అన్నాడతను.

"మాడిపోయుంటది. కరెంటోలు మీటరు కూడా పీకేత్తారు," అంది గౌరీశ్వరి.

"మీటరెవులు పీకుతారమ్మా? సూడనీ ముందు."

భవ్యశ్రీ పెడల్ వైరు ఊడదీసి, అదే కన్నంలో టార్చి స్విచ్చి వైరు పెట్టింది. టార్చి పిడి మీది బటన్ నొక్కితే గ్యాసు బుస్సుమంది, పాత రేకు ముక్క మీద నిప్పు వెలిగింది.

"మెషిన్ బాగుంది, టార్చీ బాగుంది. తేడా పెడల్‌దే."

"అయితే బటన్‌తో అతికీ," అన్నాడు చిన్నారావు.

"నీ రేకు పల్సన మావా. వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గించాల. బటన్‌తో తగ్గదు, చిల్లు ఇంకా పెద్దదవుద్ది. పెడలైతే కుట్టు మిషన్ లాగ మెల్లగా తొక్కుకోవచ్చు."

నాలుగు మరలు విప్పి పెడల్ తెరిచింది. లోపల చిన్న స్విచ్చి కాళ్లకు పచ్చటి చిలుము పట్టింది. చుట్టూ తెల్లగా, తడితడిగా ఏదో ముద్ద. భవ్యశ్రీ మొహం వాడిపోయింది.

"లోపల మందేదో కారిపోయినట్టుంది. ఇది కొత్తది తెప్పించాల్సిందే మావా."

చిన్నారావు ట్రే చంకన పెట్టుకుని లేచాడు.

ఆ తెల్లటి ముద్ద ఏమిటో గౌరీశ్వరికి చూడగానే తెలిసిపోయింది. మెషిన్ వచ్చిన రోజు వీధి వీధంతా చూసి పోయింది. అంతమంది కళ్లు పడ్డాక దిష్టి తగలకుండా ఉంటుందా? అందుకే ఆ సాయంత్రమే గుప్పెడు నౌపడ గల్లుప్పు తెచ్చి మెషిన్‌కు మూడుసార్లు తిప్పింది, పెడల్‌కు మూడుసార్లు తిప్పింది. ఇంతలో కూతురు రావడంతో, వెక్కిరిస్తుందని ఆ ఉప్పు పెడల్ సందులోకి తోసేసింది. తర్వాత తీద్దామనుకుని మరిచిపోయింది.

చెప్తే కూతురు ఇక జన్మలో మాట్లాడదేమో. చెప్పకపోతే ట్రే టెక్కలి పోతుంది.

"తమ్ముడూ, కూకో," అంది. "అది మందూ కాదు, మాకూ కాదు. ఉప్పు. దిష్టి తీసి నేనే పోసేను. ఉప్పైతే కడిగితే పోద్ది కదేటి?"

భవ్యశ్రీ తల్లిని ఎగాదిగా చూసింది. వెళ్లి చెంబుడు నీళ్లు, పాత పళ్ల బ్రష్షు తెచ్చింది. కడిగి, ఎండలో పెట్టి, చిలుము గరుకు కాగితంతో గీకింది. బిగించి తొక్కితే లోపల టిక్కుమంది. గ్యాసు బుస్సుమంది.

పన్నెండు కాకముందే చిల్లు పూడింది. చిన్నారావు ట్రేను వెలుతురుకు ఎత్తి పట్టి చూసుకున్నాడు.

"రేపు మిగతాయి పంపుతాను. అక్కా, మా బాయిలరికి మాత్రం దిష్టి తియ్యకు."

అతను వెళ్లాక గౌరీశ్వరి లోపలికి వెళ్లి గుప్పెడు ఉప్పు తెచ్చింది.

"నలభై ట్రేలంటే నడుం పట్టేత్తదేమోనే. నీకు తీనా?"

"తియ్యి. వీధిలో తియ్యి," అంది భవ్యశ్రీ, పెడల్‌ను కాలితో బల్ల కిందికి జరుపుతూ.