చలికి ముందు ఇంజను పని

అక్టోబరు మూడో శనివారం పొద్దున్నే మా చెల్లెలు తుయ్యా క్వోపియో పట్నం నుంచి కారేసుకుని దిగింది. నేను రమ్మనలేదు. నాన్న పోయాక సరస్సు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఇల్లు, పడవ, దాని వెనక తగిలించే ఎనిమిది హార్స్‌పవర్ ఇంజను మా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చాయి. వేసవిలో వారం వారం వంతులేసుకుని వాడుకుంటాం, ఒకరికొకరం ఎదురుపడకుండా. జూన్ నుంచి మా మధ్య మాటల్లేవు.

జూన్‌లో తన వంతు మొదటి రోజే తుయ్యా ఒక్కతే పడవేసుకుని దీవి వైపు వెళ్లింది. నడి సరస్సులో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అదే సమయానికి గాలి లేచింది. మూడు గంటలు తెడ్లు వేసి ఒడ్డు చేరేసరికి అరచేతుల మీద తోలు లేదు. కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా పట్టేసిందని మెకానిక్ చెప్పాడు. అంతకుముందు చలికాలానికి ఇంజను సర్దిపెట్టింది నేను. "పెట్రోలు ఖాళీ చేశావా?" అని తుయ్యా ఫోన్లో అడిగింది. చేశానన్నాను. చెయ్యలేదు.

"ఈసారి నా కళ్లెదుట చెయ్యి," అంది కారు తలుపు వేస్తూ. కాఫీ తాగుతావా అని నేను అడగలేదు. అడగనని తెలిసే కాబోలు, ఫ్లాస్కు తెచ్చుకుంది.

"నమ్మకం లేకపోతే నువ్వే చేసుకో."

"చేసుకోడానికి రాలేదు. అక్కగారి పనితనం చూసిపోదామని వచ్చాను."

చెరోవైపు పట్టుకుని ఇంజనును పడవ మీంచి ఎత్తి, ఆవిరి స్నానాల సౌనా గది గోడ పక్కనున్న కొయ్య చట్రానికి బిగించాం. నీ వైపు దించావని తను, నీ వైపు ఎత్తావని నేను. కింది భాగం మునిగేలా పెద్ద పీపాలో మంచినీళ్లు నింపి స్టార్ట్ చేశాను. తుయ్యా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పక్క రంధ్రంలోంచి ఇంజనును చల్లబరిచే నీటిధార వస్తోందో లేదో వంగి మరీ చూసింది. లోపలి బురదంతా కడుక్కుపోయాక పెట్రోలు గొట్టం పీకేశాను. కార్బ్యురేటర్‌లో మిగిలిన చివరి చుక్క కాలిపోయేదాకా ఇంజను తిరగాలి. కాసేపటికి దాని గొంతు మారింది, ఒక్కసారి తుళ్లింది, ఆగింది.

"పోయినేడు చేశానన్నది ఇదేనా?"

"ఇదే."

"ఐదు నిమిషాలు కూడా పట్టలేదు."

నా చెవులు వేడెక్కాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, తుప్పు పట్టకుండా లోపల నూనె కొట్టి, అది అంతటా అంటేలా స్టార్టరు తాడు మెల్లగా నాలుగుసార్లు లాగాను. ఒక్కో లాగుడూ తను పైకి లెక్కపెట్టింది.

"నోరు మూసుకుని కూర్చోలేవుటే?"

"పోయినేడు అదే చేశాను. నడి సరస్సులో తేలాను."

ఇక గేరు ఆయిలు మార్చాలి. అడుగున ఉన్న మర విప్పగానే పాలు కలిపిన కాఫీలాంటిది కారింది. లోపలికి నీళ్లు చేరాయన్నమాట. అలాగే వదిలేస్తే జనవరి చలికి ఆ నీళ్లు గడ్డకట్టి గేరు పెట్టె పగిలిపోయేది. ప్రొపెల్లర్ ఊడదీసి చూశాను. ఇరుసు చుట్టూ ఆకుపచ్చ గాలం దారం బిగుసుకుపోయి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు సీలును కోసేసింది.

నేను గాలం వెయ్యను, వల వేస్తాను. ఆకుపచ్చ దారం తుయ్యాది.

నాకెంత సంతోషం వేసిందో. కత్తితో దారం కోసి ఆ చుట్ట తీసుకెళ్లి తన ఒళ్లో పడేశాను.

"ఇదెవరిదో చెప్పు తల్లీ."

తుయ్యా దాన్ని వేలికి చుట్టి చూసింది. "నాదే. ఆగస్టులో పెద్ద చేప ఒకటి దారం తెంపుకుపోయింది. ప్రొపెల్లర్ రెక్కల్లో చిక్కిందేమోనని అనుమానం వచ్చింది కూడా. బద్ధకించి చూడలేదు. తప్పు నాదే."

అంతే. బుకాయిస్తుందనుకుని నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. పానా కింద పెట్టాను. తను ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

"పోయినేడు నేను పెట్రోలు ఖాళీ చెయ్యలేదు," అన్నాను.

"తెలుసు. మెకానిక్ చెప్పిన రోజే తెలుసు."

"మరెందుకు అడిగావు?"

"నువ్వే చెప్తావేమోనని."

"నాన్న పోయి నెల కూడా కాలేదు తుయ్యా. షెడ్డులో ఆయన చేతి తొడుగులు కనిపించాయి. చేతులాడక టార్పాలిన్ కప్పేసి వెళ్లిపోయాను."

"నాకు మాత్రం పోలేదా నాన్న? ఆ అలల్లో చస్తాననే అనుకున్నాను. అదైనా మర్చిపోతాను గానీ, నువ్వు ఫోన్లో తడుముకోకుండా చేశానన్నావు చూడు, అది మర్చిపోను."

"తప్పయిపోయింది."

"నాలుగు నెలలు పట్టిందా ఆ మాటకి?"

లేచి కారెక్కింది. ఇక రాదనుకున్నాను. రెండు గంటల తర్వాత ఊళ్లోంచి కొత్త సీలు, గేరు ఆయిలు కొనుక్కుని వచ్చింది. సీలు తనే అమర్చింది. ఆయిలు అడుగు రంధ్రంలోంచి పైకి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. తను ఎక్కించింది, నేను పొంగగానే పై మర బిగించాను. "బిగించు" అని తను, "ఆపు" అని నేను. రై పిండి రొట్టె మీద ఉప్పు చేపలు పెట్టి ఇస్తే నిలబడే తింది. ఇంజనును షెడ్డులో నిలువుగా నిలబెట్టాక చెయ్యి చాపింది.

"షెడ్డు తాళంచెవి ఇయ్యి. ఇకమీదట ఈ పని నాది."

ఇచ్చేశాను.

మేలో తనే వచ్చి షెడ్డు తలుపు తెరిచి, ఇంజను పడవకి బిగించుకోడానికి చెయ్యి సాయం చేసి వెళ్లింది. మొదటి వంతు నాది. రెండో లాగుడుకే ఇంజను అందుకుంది. ఆ సంగతి చెప్దామని ఫోన్ చేశాను.

"సరే," అంది. "జులై మొదటి వారం నాది, గుర్తుంచుకో."

అయినా వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు. తన వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత పెట్టేసింది.