వంక ఒడ్డున రోజా

ఆదిలక్ష్మమ్మ పక్కింటి నాగులమ్మతో మాట్లాడక ఏడేళ్ళయింది. కారణం ఏ గట్టు తగాదానో కాదు, ఒక రోజా కొమ్మ. ఆత్మకూరు పుట్టింటి నుంచి తెచ్చి, ఉదయగిరి కొండ కింద ఈ ఇంటి పెరట్లో నాటుకున్న చెట్టు అది. ఊళ్ళో ఇంకెవరికీ లేదు, ఎవరడిగినా ఆమె కొమ్మ ఇచ్చిందీ లేదు. తెల్లదొరలు పోయిన ఏడు, మూడేళ్ళ కూతురు వసంత అమ్మవారు పోసి కన్నుమూసింది. ఆ వారంలోనే ఎవరో చెట్టు కొమ్మను కత్తితో కోసుకుపోయారు. కడుపుకోతలో ఉన్న మనిషి, ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడాలి కదా! గోడవతల నాగులమ్మ దొరికింది. వీధిలో నిలబెట్టి దొంగ అని కడిగేసింది. తర్వాతి కరువులో ఆ చెట్టు కూడా ఎండిపోయింది.

పసిబిడ్డలను కాల్చరు, పూడుస్తారు. ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పరు. చెబితే పోయి అక్కడే కూర్చుంటుందని భయం. ఆదిలక్ష్మమ్మ అడిగి అడిగి విసిగిపోయింది. భర్త పెంచలనరసయ్య ఉలకలేదు, పలకలేదు. బిడ్డ ఏ మట్టిలో ఉందో తెలియకుండానే చచ్చిపోతానేమోనని ఆమె దిగులు.

ఆ రోజు పొద్దున మేకలు కాసే మునెయ్య ఒక పువ్వు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"వంక ఒడ్డున బలుసు పొదల్లో ఉండాదమ్మా ఈ చెట్టు. నవాబుల కాలం నాటి గులాబీ అంటా ఉండారు. నీకేమన్నా తెలుస్తాదేమోనని తెచ్చినా."

"నవాబులా, నా మొహమా! ఇట్ట తే."

వాసన చూడగానే ఎండిపోయిన తన చెట్టే గుర్తొచ్చింది. అయినా తొందరపడలేదు. వాళ్ళ పుట్టింటి రోజాకు ఒక గుర్తుంది. పొద్దున ఎర్రగా విచ్చుకుని, సాయంత్రానికి నేరేడు రంగుకు తిరుగుతుంది. పువ్వును చెంబు నీళ్ళలో వేసి గూట్లో పెట్టింది. ఆ పూట కూరలో ఉప్పు వేసిందో లేదో ఆమెకే తెలియదు.

పొద్దుగూకే వేళ పెంచలనరసయ్య చేలోంచి వచ్చాడు. గూట్లో పువ్వు నేరేడు రంగులో ఉంది. చూసి, వాకిట్లోనే నిలబడిపోయాడు.

"మా రోజాకు కాయ పట్టదు. కొమ్మ నాటితేనే బతుకుతాది," అంది ఆదిలక్ష్మమ్మ. "ఆ కొమ్మ కోసింది నువ్వే గదా?"

అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆడోళ్ళకు చోటు చెప్పొద్దని మా నాయన నా చేత ఒట్టేయించుకున్నాడు. చెప్పలా. గుర్తు పెట్టుకోవద్దని మాత్రం ఆయన అనలా."

"కరువులో పెరట్లో చెట్టే ఎండిపోయె. వంకలో అదెట్ట బతికింది?"

"ఎద్దుల్ని తోలుకుపోయినప్పుడల్లా కడవెడు నీళ్ళు పోసొచ్చేవాణ్ణి."

ఆమె భోరుమంది. ఏడుస్తూనే అతని మీదికి లేచింది.

"ఇన్నేండ్లు నేను నాగులమ్మక్కను ఆడిపోసుకుంటా ఉంటే, బెల్లం కొట్టిన రాయి మాదిరి కూచున్నావే!"

ఆమెకు అతని మీద కోపమూ తగ్గలేదు, జాలీ ఆగలేదు.

తెల్లవారగానే కడవ చంకనెత్తుకుని నాగులమ్మ గడప ముందు నిలబడింది.

"అక్కా, కొమ్మ కోసింది నువ్వు గాదు. తప్పయిపోయింది. మా వసంత కాడికి పోతా ఉండా. తోడు రాక్కా."

నాగులమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏడేండ్లు పట్టిందా నీకు?" అంది. లోపలికి పోయి తన కడవ తెచ్చుకుంది.