బోర్డు మీంచి ఎగిరిపోయిన "ల"

తాగేవాళ్ళని కారణం అడక్కండి, బోలెడు చెప్తారు. వాన పడిందని ఒకడు, పడలేదని ఇంకొకడు. అల్లుడొచ్చాడని తాగి, అల్లుడు వెళ్ళిపోయాడని తాగిన మహానుభావుణ్ణి కూడా చూశాను. మా తమ్ముడి కారణం మాత్రం చాలా ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. వాడు చెప్పుకోలేదు, సిగ్గు.

వాడు బోర్డులు రాసే పెయింటరు. చిన్నప్పటినుంచీ ఎత్తంటే భయం, మంచం మీద నిలబడినా కళ్ళు తిరిగేవి. మరి అదే పనిలోకి ఎందుకు పోయాడంటే, అక్షరాలంటే పిచ్చి. మొదటిసారి పెద్ద గోడ ఎక్కమనేసరికి నిచ్చెన పట్టుకుని కిందే నిలబడిపోయాడట. పని నేర్పిన పెద్ద పెయింటరు చిన్న సీసా చేతిలో పెట్టి, "మందేరా, వేసుకో" అన్నాడు. వేసుకున్నాడు, భయం పోయింది, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? ముందు గోడ ఎక్కడానికి తాగాడు, తర్వాత స్టూలు ఎక్కడానికి. ఆఖరికి మంచం దిగడానికి తాగేవాడు.

రానురాను పని ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మిగిలింది మందుల షాపాయన ఒక్కడే. ఆయన కొత్త బోర్డు రాయమన్నాడు. మావాడికి ఇంకో తెగులుంది, బోర్డు పైన బిగించాకే రాస్తాడు. "కిందపెట్టి రాసేవాడూ పెయింటరేనా?" అని గురువుగారి మాట. సరే, ఎక్కాడు. "మందు" దాకా రాశాడు, అక్కడ చెయ్యి వణికింది. మందు కోసం దిగాడు. మళ్ళీ ఎక్కి, హాయిగా "షాపు" అని రాసి ఇంటికొచ్చి పడుకున్నాడు.

తెల్లారి షాపాయన తలుపు తీసేసరికి గుమ్మం ముందు జనం.

"అన్నా, చల్లది ఉందా?"

"దగ్గు మందుంది."

"అదెంత ఎక్కుద్ది?"

ఆయన తల పైకెత్తి బోర్డు చూసుకుని, తిన్నగా మా ఇంటికొచ్చాడు. "మాస్టారూ, సాయంత్రంలోగా నా 'ల' నాకు కావాలి. లేకపోతే ఫ్లెక్సీ కట్టించుకుంటా. ఇక బ్రష్షుతో మీ వీపు గోక్కోవడమే."

మా మరదలు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు అయ్యాక, "వదినా, ఈ పనీ పోతే ఈయన చేతులు గ్లాసు పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు" అంది. ఆ మాటకి తమ్ముడి మొహం మాడిపోయింది.

"ఒక్క గుక్క వేసుకుని వెళ్తానక్కా. వేసుకుంటేనే చెయ్యి నిలుస్తుంది."

"అసలెందుకు వణుకుతోందిరా?"

"వేసుకోక."

"వేసుకోవడం మొదలెట్టక ముందు వణికేదా?"

వాడు సీసా ముట్టకుండానే బ్రష్షు తీసుకుని బయల్దేరాడు. వెనకాలే మేమిద్దరం.

నిచ్చెన సగం ఎక్కాడో లేదో, బిగుసుకుపోయాడు. ఇన్నేళ్ళూ మందు కింద అణిగి పడున్న భయం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది మరి! పైకి పోడు, కిందికి రాడు. వీధంతా పోగైంది. "మాస్టారూ, అక్కడే కాపురం పెడతారా?" అని టీ కొట్టువాడు. బ్రష్షు కారి షాపాయన బట్టతల మీద ఎర్రచుక్క పడింది.

"అక్కా, దించవే" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిది. "నాకు ఎత్తంటే భయమే. మొదట్నుంచీ భయమే."

మా మరదలు నోరు తెరిచింది. ఇన్నేళ్ళు కాపురం చేసినా ఆ సంగతి ఆవిడకి తెలియదు పాపం. "అందుకా ఈ తాగుడు? చెప్తే కింద కూర్చుని చేసే పని చూసుకునేవాళ్ళం కదయ్యా!"

షాపాయన బట్టతల తుడుచుకుంటూ, "ముందు మిమ్మల్ని దించుతాం, తర్వాత బోర్డు దించుతాం. కిందే రాయండి" అన్నాడు. గురువుగారి సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేలమీద పరిచిన బోర్డు ముందు కూర్చుని, ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాశాడు. చెమటలు కారిపోతున్నాయి. ఆ "ల" వానపాములా మెలికలు తిరిగింది. కానీ "ల" అని తెలుస్తోంది.

"ఇదే ఆఖరు, రేపట్నుంచి చుక్క ముట్టను" అన్నాడు లేచి.

"వద్దు మహాప్రభో!" అన్నాడు షాపాయన. "ఇన్నేళ్ళు తాగి ఒక్కసారిగా మానేస్తే ఫిట్సొస్తాయి, ప్రాణం మీదకొస్తుంది. డాక్టరుకి చూపించుకుని, ఆయన చెప్పినట్టు మానాలి." అప్పటికప్పుడు స్కూటరు తీశాడు. మధ్యలో తమ్ముడు, వెనకాల దూకకుండా పట్టుకుని మా మరదలు.

అప్పట్నుంచి మూడుసార్లు మానాడు. అంటే రెండుసార్లు మళ్ళీ మొదలెట్టాడన్నమాట, దాచడం దేనికి? మొదలెట్టిన ప్రతిసారీ మా మరదలు తిట్టుకుంటూనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఇప్పుడు మాత్రం మానే ఉన్నాడు. బోర్డులు ఇంటి వరండాలో కూర్చుని రాస్తాడు. ఎవరైనా గోడ ఎక్కమంటే, "నాకు భయమండీ" అంటాడు. ఆ రెండు ముక్కలూ అనడానికి ముందు గొంతు సవరించుకుంటాడు, చెవులు ఎర్రబడతాయి. అయినా అంటాడు.