బోర్డెక్కని పేరు

కోరుట్ల బస్టాండు నుంచి బజారుకు పోయే దారిలో పుష్ప బేకరీ ముందర ఒక నల్లబోర్డు ఉంటుంది. ధరలు రాసే బోర్డు కాదది. రోజూ పొద్దున్నే, పఫ్‌ల మొదటి ట్రే బయటికి రాకముందే, పుష్ప దాని మీద సుద్దముక్కతో ‘చరిత్రలో ఈ రోజు’ అని రాస్తుంది. కింద ఆ తేదీన పుట్టిన గొప్పవాళ్లు, పోయిన గొప్పవాళ్లు, జరిగిన సంగతులు. ఇంకా కింద, అంతే పెద్ద అక్షరాలతో, అదే తేదీన పుట్టిన కోరుట్లవాళ్లు. శాస్త్రవేత్త పక్కన సోడాబండి ఆయన, చక్రవర్తి కింద అంగన్‌వాడీ టీచరమ్మ దర్జాగా నిలబడతారు. పుట్టడం వరకూ అందరిదీ ఒకటే హోదా అని పుష్ప లెక్క. ఆ లెక్క కాదనే ధైర్యం ఆ బజారులో ఎవరికీ లేదు.

బోర్డు మీద పేరెక్కినవాళ్లకు ఒక పేస్ట్రీ ఉచితం. అందుకని కొందరికి పుట్టినరోజులు ఎక్కువైపోయాయి. పక్కనే మొబైల్ షాపు పెట్టుకున్న హరీశ్ ఒకే ఏడాదిలో మూడుసార్లు పుట్టాడు. మూడోసారి పుట్టినప్పుడు పుష్ప అతన్ని నలుగురిలో నిలబెట్టి కడిగిపారేసింది.

“పేస్ట్రీ కావాల్నంటే అడుగు, పెడ్త. గని నా బోర్డు మీద అబద్ధం రాపియ్యకు” అంది.

అప్పటినుంచి ఆధార్ కార్డు చూపించినా నమ్మదు. కార్డుల ప్రకారం ఊళ్లో ముసలివాళ్లలో సగంమంది జనవరి ఒకటినే పుట్టారు మరి. “గది కంప్యూటర్ ఇచ్చిన దినం, నీది గాదు. మీ అవ్వనడుగు, లేకపోతె మీ అవ్వ తోటోళ్లనడుగు” అని తిప్పి పంపేస్తుంది.

మీ అవ్వనడుగు అని ఊరందరికీ చెప్పే పుష్పకు ఆ మాట అన్నప్పుడల్లా లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. ఎందుకంటే తను పుట్టిన రోజు తనకు తెలియదు. వాళ్లవ్వకూ తెలియదట.

పుష్ప పుట్టిల్లు సిరిసిల్ల. బళ్లో చేర్పించిన నాడు సారు వాళ్ల గల్లీ పిల్లలందరికీ ఒకే తేదీ వేసి పని ముగించాడు. సర్టిఫికెట్లలో ఆ గల్లీ పిల్లలంతా కవలలే. ఆ తేదీని పుష్ప ఎన్నడూ బోర్డు ఎక్కించలేదు. తల్లి బాలవ్వను అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

“ఎవలకు యాదున్నది బిడ్డా! సాంచల సప్పుడుల పొద్దు ఎప్పుడు పొడిసెటిదో, ఎప్పుడు గూకెటిదో. నువ్వు పుట్టినవ్, సల్లగున్నవ్. గంతే.”

సాంచలంటే మరమగ్గాలు. వాటి చప్పుడులో మాట వినపడదంటే నమ్మొచ్చు. బిడ్డ పుట్టిన రోజు కూడా మరుగున పడిపోతుందా? పదిమందిని కన్న తల్లి మరిచిపోయిందంటే సరే అనుకోవచ్చు. బాలవ్వ కన్నది ఒక్కదాన్నే. ఆడపిల్ల పుట్టిందన్న దిగులుతోనే ఆ రోజును మరిచిపోయి ఉంటారని పుష్పకు చిన్నప్పటి నుంచీ అనుమానం. ఆ అనుమానాన్ని భర్త సతీశ్‌కు కూడా చెప్పుకోలేదు. పాపం ఆయన ఒకసారి, “పెండ్లిరోజునే పుట్టినరోజు అనుకుందాం తియ్, ఒక్క కేకుతోని రెండు పనులయితయ్” అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు ఆయన ముఖం చూడలేదు పుష్ప.

ఈ ఏడు శివరాత్రి ఫిబ్రవరి పదిహేనున వచ్చింది. మర్నాడు పొద్దున బజారంతా జాగారం కళ్లతో ఆవులిస్తోంది. జగిత్యాలలో డిగ్రీ చదువుతున్న కూతురు కల్యాణి పండక్కి వచ్చి ఇంట్లోనే ఉంది. తల్లి బోర్డు రాస్తుంటే పక్కన నిలబడి పెదవి విరిచింది.

ఆ రోజు రాతలు ఇవి. 1923లో ఈజిప్టులో టుటన్‌ఖామున్ అనే రాజును పెట్టిన సమాధి గది తలుపు తెరిచారు. 1944లో మన దేశ సినిమాకు దారి వేసిన దాదాసాహెబ్ ఫాల్కే కన్నుమూశాడు. 1956లో నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడి చెప్పే సూత్రం కనిపెట్టిన మేఘనాథ్ సాహా కన్నుమూశాడు. 1980లో సంపూర్ణ సూర్యగ్రహణం, పట్టపగలు చీకటి. కోరుట్లవాళ్లు మాత్రం ఆ తేదీన ఎవరూ పుట్టినట్టు లేదు. ఏటా అక్కడ ఖాళీయే.

“గిన్ని రాతలు ఎవలు సదువుతున్నరు మమ్మీ? బొమ్మెయ్యాలె. బొమ్మ ఉంటె బస్సులకెళ్లి గూడ సూస్తరు” అంది కల్యాణి. అనడమేమిటి, తల్లి చేతిలోంచి సుద్దముక్క లాక్కుని సగం బోర్డు నిండా సూర్యగ్రహణం గీసింది. మధ్యలో నల్లటి గుండ్రం, చుట్టూ పసుపు, నారింజ రంగుల మంట. బాగా కుదిరింది. పుష్ప మురిసిపోయింది గానీ పైకి మాత్రం, “సుద్దలన్ని వొడగొట్టినవ్” అంది.

కాస్త పొద్దెక్కాక బాలవ్వ వస్తుందని అందరికీ తెలుసు. ప్రతి ఏడాదీ అంతే. వేములవాడ రాజన్న గుడిలో జాగారం చేసి, అటునుంచి అటే కోరుట్ల బస్సెక్కుతుంది. శివరాత్రి ఫిబ్రవరిలో వచ్చినా మార్చిలో వచ్చినా ఆమె రాక తప్పదు. చేతిలో ప్రసాదం పొట్లం, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. డబ్బాలో గారెలు, బెల్లం పాయసం. వస్తూనే బిడ్డకు నెత్తిన నూనె పెడుతుంది, తలస్నానం చేయిస్తుంది, ఎదురుగా కూర్చుని గారెలు తినిపిస్తుంది. దుకాణం నిండా తిండి పెట్టుకున్నదానికి ఇదేం మోత అని పుష్ప ఏటా విసుక్కుంటుంది. “రాజన్న పేరు మీద తెచ్చిన, తిను” అంటుంది బాలవ్వ. విసుక్కుంటూనే పుష్ప నాలుగు గారెలు లాగిస్తుంది. అమ్మ చేతి గారెల్లో అల్లం ఘాటు తగిలితే ఎవరి విసుగైనా అంతసేపే.

ఆ రోజూ ఆటో వచ్చి ఆగింది. బాలవ్వ దిగింది. దిగి, బోర్డు వైపు చూసి, అక్కడే నిలబడిపోయింది.

ఆమెకు చదువు రాదు. ఇన్నేళ్లుగా ఆ బోర్డు ఆమెకు తెల్లగీతల గందరగోళం తప్ప ఇంకేం కాదు. ఈసారి గీతలు కాదు, బొమ్మ. డబ్బా కింద పెట్టి, గబగబా బోర్డు దగ్గరికి పోయి, కొంగుతో సూర్యుణ్ణి తుడవడం మొదలుపెట్టింది.

“అవ్వా! ఏం జేస్తున్నవ్?” పుష్ప కౌంటరు దాటి ఉరికింది.

“ఎవలు జెప్పిన్రే నీకు?” బాలవ్వ తుడవడం ఆపలేదు.

“ఏంది జెప్పుడు?”

“గా బుచ్చవ్వనే! సచ్చేదాక నోరిప్పనని రాజన్న మీద ఒట్టేసింది. ఫోన్ల జెప్పిందా? జెప్పితె జెప్పింది. గింత పెద్దగ బొమ్మ గీసి ఊరందరికి సూపెట్టాల్నా? అత్తగారి ఊర్ల?”

“అయ్యో అవ్వా, గది చరిత్రల ఈ రోజు. గీ తారీఖు నాడు, 1980ల సూర్యగ్రహణం పట్టింది. గంతే. గండ్ల నాకేం సంబంధం...”

అంటూ అంటూనే పుష్ప ఆగిపోయింది. బళ్లో సారు తేదీ ఏది వేసినా, ఏడాది మాత్రం సుమారుగా సరిగ్గానే వేశాడు. ఆ ఏడాది 1980. తల్లి ముఖం చూసింది. బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్లకు పైగా కడుపులో దాచుకున్నది, ఎవరూ అడగకుండానే, బజారులో నిలబడి తనే బయటపెట్టేసింది పిచ్చితల్లి.

సతీశ్ వచ్చి అత్తను కుర్చీలో కూర్చోబెట్టాడు. కల్యాణి నీళ్లు తెచ్చింది. ఎగ్ పఫ్ తింటూ నిలబడ్డ హరీశ్, వెళ్లిపోవాల్సిన సమయమని తెలిసి కూడా, వెళ్లలేదు.

“జెప్పు అవ్వా” అంది పుష్ప.

బాలవ్వ నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

“శివరాత్రి ఎల్లింది. అమాస. గ్రహణమని సాంచలన్ని బందు వెట్టిన్రు. సిరిసిల్లల గసొంటి నిశ్శబ్దం నేనెన్నడు ఇనలే. తలుపులన్ని మూసిన్రు. గప్పుడు లేసినయ్ నాకు నొప్పులు. మంత్రసాని గ్రహణం ఇడిసేదాక రానన్నది. మీ నాయిన నర్సయ్య కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతుండు. ఎదురింటి బుచ్చవ్వ లేదూ, తాళ్లెక్కి కల్లు గీసే రాజమల్లు పెండ్లాం? నెత్తి మీద బొంత కప్పుకొని, గల్లీ దాటి ఉరికచ్చింది. గామెకు ఇద్దరు చిన్నపిల్లలు. ఎవలన్న అస్తరా బిడ్డా?”

“మల్ల?”

“మల్లేంది. నువ్వు పుట్టినవ్. సాంచల సప్పుడు లేదు గద, నీ ఏడుపు గల్లీ అంత ఇనవడ్డది. ‘సూర్యుడు సగం వోయిండు గని పిల్ల నిండుగ అచ్చింది’ అని నవ్వింది బుచ్చవ్వ. మీ నాయిన నిన్ను ఎత్తుకొని నవ్విండు. మల్ల గోడ దిక్కు తిరిగి ఏడ్సిండు. గ్రహణం పిల్ల అంటరు, రేపు పెండ్లి గాదు, ఇంట్ల ఏ చెడు జరిగినా నా బిడ్డ మీదనే ఏస్తరు అన్నడు. గందుకే యాదికి లేదన్నం. ముగ్గురం ఒట్టేసుకున్నం.”

“నా పెండ్లయి ఎన్నేండ్లాయె! మా అత్త వోయి ఎన్నేండ్లాయె! నాకన్న జెప్పద్దా?”

“నీకే భయపడ్డ” అంది బాలవ్వ. “పొయ్యికాడ చెయ్యి కాలినా, గిరాకి లేకున్నా, గందుకే గిట్లయితుందని మనసుల వెట్టుకుంటవేమో అని.”

పుష్ప తల దించుకుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది.

“నేనేమనుకున్ననో ఎరికేనా అవ్వా? ఆడివిల్ల పుట్టిందని గా దినం మర్సిపోయిన్రు అనుకున్న.”

బాలవ్వ దిగ్గున లేచింది. బిడ్డ నెత్తిన ఒక్కటి మొట్టింది, అందరి ముందరే.

“మర్సిపోయిన్నా? మరి ఏటేట శివరాత్రి ఎల్లంగనే నీ నెత్తికి నూనె వెట్టి, తానం జేపిచ్చి, గారెలు తినిపిచ్చెడిది ఎందుకనుకున్నవే? రాజన్న గారెలడిగిండా?”

పుష్ప ఆ స్టీలు డబ్బా వైపు చూసింది. పెళ్లయిన మొదటి ఏడు వచ్చిన డబ్బా గుర్తొచ్చింది. కల్యాణి కడుపులో ఉన్నప్పుడు, తిన్నది ఇమడకపోయినా పక్కన కూర్చుని తినిపించిన గారె గుర్తొచ్చింది. కరోనా ఏడాదికి ముందు, మోకాళ్ల నొప్పులతో ఈడ్చుకుంటూ వచ్చిన తల్లిని, “గిప్పుడు గీ గారెలు లేకపోతె కొంప మునుగుతుందా” అని కసిరిన సంగతి గుర్తొచ్చింది. తనకు పుట్టినరోజే లేదని ఇన్నేళ్లు కుమిలింది. ఒక్క ఏడాది కూడా తప్పకుండా పుట్టినరోజు చేయించుకుంటూనే ఉంది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లలా ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. సతీశ్ కళ్లు తుడుచుకుంటూ ఓవెన్ పొగ మీద నెపం పెట్టాడు. ఓవెన్ ఆ సమయానికి ఆపేసి ఉంది.

“మరి పేరు రాయి మమ్మీ!” కల్యాణి సుద్దముక్క అందించింది.

అప్పుడు నోరు తెరిచాడు హరీశ్. “ఆగుండ్రి, ఆగుండ్రి. అవ్వ ఒక్కతే జెప్తె ఎట్ల? అవ్వ తోటోళ్లనడుగాలె గద. గీ బోర్డు మీద అబద్ధం నడువదు.”

తను పెట్టిన చట్టం తన మెడకే చుట్టుకుంది. పుష్ప కళ్లు తుడుచుకుని, “నిజమే అంటుండు” అంది. సిరిసిల్లకు వీడియో కాల్ కలిపారు. బుచ్చవ్వ ముఖం సగం, ఆమె ఇంటి పైకప్పు సగం కనిపించాయి. సంగతి విన్నాక ఆమె మొట్టమొదట అడిగింది ఒకటే.

“ఎవలు ముందు జెప్పిన్రు? నేను గాదు గద?”

“నేనే జెప్పిన వదినా” అంది బాలవ్వ చిన్నగా.

“సూసినవా! నాకు నోరాగదు అంటివి. ఎవలకు ఆగలేదు?” బుచ్చవ్వ పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. “ఓ పుష్పా, గ్రహణం ఇడువకముందే పుట్టినవ్ బిడ్డా. నా చేతులతోని పట్టిన. నాక్కూడ ఒక కేకు పంపు, మెత్తగుండేది.”

సాక్ష్యం సరిపోయిందని హరీశ్ ఒప్పుకున్నాడు. అంతలోనే అతనికి ఇంకో అనుమానం వచ్చింది.

“అక్కా, అచ్చే ఏడు శివరాత్రి మార్చిల. అవ్వ గప్పుడే గారెలు తెస్తది. బోర్డు మీదనేమో ఫిబ్రవరి పదహారు. అంటె నువ్వు ఏడాదికి రెండుసార్లు పుడ్తవా? నన్నేమో తిడ్తివి!”

పుష్ప నోటినిండా గారె. జవాబు చెప్పే వీలు లేదు. పేస్ట్రీ ఒకటి తీసి అతని చేతిలో పెట్టి, పోరా అన్నట్టు చెయ్యి ఊపింది.

తర్వాత సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందర నిలబడింది. ఏటా ఖాళీగా ఉండే చోట, ‘1980: పుష్ప. సిరిసిల్ల బాలవ్వ, నర్సయ్యల బిడ్డ. సూర్యగ్రహణం నడుమ పుట్టింది’ అని రాసింది. చెరిగిన సూర్యుణ్ణి కల్యాణి మళ్లీ దిద్దింది.

“ఇండ్ల నా బిడ్డ పేరేది?” అని అడిగింది బాలవ్వ. పుష్ప ఆమె వేలు పట్టుకుని చూపించింది. ఆ రెండక్షరాల ముందర బాలవ్వ చాలాసేపు నిలబడింది. కొంగు మాత్రం ముందే నడుముకు బిగించి దోపుకుంది, తగిలి ఎక్కడ చెరిగిపోతుందోనని.