చక్రం కింద పొత్రం

మొండయ్య అప్పటికే లారీ కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. నడుము కింది భాగం మాత్రం ముందు చక్రం వెనక బయటికి కనిపిస్తోంది. చినిగిన ఖాకీ నిక్కరు, మసి పట్టిన మోకాళ్లు, పగుళ్లలో నూనె ఇంకిపోయిన మడమలు. పైన గేరుబాక్సు వెనక మూతి నుంచి నల్లటి నూనె బొట్లుబొట్లుగా జారి మెడ మీద పడుతోంది. అతను తుడుచుకోలేదు. ఆ నూనె ఒంటికి అలవాటైపోయి చాలా ఏళ్లయింది.

ఆ బండి మిలిట్రీ వాళ్లు వాడి వాడి వేలంలో వదిలించుకున్నది. ఇచ్చోడలో పత్తి వ్యాపారం చేసే జబ్బార్ సేఠ్ కొన్నాడు. కొన్ననాటి నుంచి దాన్ని తోలేదీ, దాని రోగాలకు మందు వేసేదీ మొండయ్యే. ఇప్పుడొచ్చిన రోగం చూడటానికి చిన్నదే. గేరుబాక్సులోంచి వెనక్కి వచ్చే ఇరుసు చుట్టూ నూనె కారకుండా ఉండే తోలు సీలు అరిగింది. కానీ ఆ బండి హ్యాండుబ్రేకు కూడా ఆ ఇరుసు మీదే ఉంది. కారిన నూనె బ్రేకు పట్టీలను తడిపితే, ఇక ఎంత లాగినా అది పట్టదు. చదును నేల మీదైతే ఎలాగో గడుస్తుంది. నిర్మల్ ఘాట్‌లో ప్రాణం తీస్తుంది.

పోయిన వారం అక్కడే నిండు బరువుతో బండి వెనక్కి జారింది. మొండయ్య కాలి బ్రేకు మీద నిలబడి కేకలు పెడితే, వెనక వస్తున్న ఎడ్లబండ్ల వాళ్లు ఉరికొచ్చి లారీలోని కర్రదిమ్మె తీసి చక్రం కింద తోశారు. ఆ కంగారులో దిమ్మె అక్కడే ఉండిపోయింది. ఈ సంగతి తల్లికి చెప్పకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోక చెప్పాడు. అప్పటి నుంచి శంకరవ్వకు కంటి మీద కునుకు లేదు.

పొద్దున సేఠ్ మొండయ్య ఇంటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మొండయ్యా, రేపు పొద్దుగాల పత్తి బోరాలు నిర్మల్‌కు పోవాలె. బండి అయితదా?"

"అయితది సేఠ్, ఫికర్ చెయ్యకుండ్రి. బ్రేకు పట్టకుంట మాత్రం నేను ఘాట్ దిగ."

"హైదరాబాద్ నుంచి సీలు రాలే కద?"

"బాయి మీది పాత మోట తోలు కోసి ఆముదంల నానవెట్టిన. గది శాన దినాలు ఆగుతది."

సీలు మార్చాలంటే వెనక చక్రాలకు పోయే పొడుగు రాడ్డును ఊడదీయాలి. అది ఊడితే బండిని గేరూ ఆపలేదు, హ్యాండుబ్రేకూ ఆపలేదు. చక్రం కింద ఏది పెడితే అదే దిక్కు. వాకిలేమో వీధి వైపు వాలుగా ఉంది. దిమ్మె లేకపోయె. చుట్టూ చూస్తే రోలు పక్కన పప్పు రుబ్బే పొత్రం కనబడింది. గట్టి నల్లరాయి. వెనక చక్రానికి ఆనించి, కాలితో తన్ని బిగించి కిందికి దూరాడు.

నీళ్ల బిందెతో వచ్చిన శంకరవ్వ అది చూసి ఆగిపోయింది.

"ఏందిరా గిది? పొత్రాన్ని చక్రం కింద వెడ్తవా?"

"జరసేపే అవ్వా. పని కాంగనే కడిగిస్త."

"నీకన్న ముందుగాల తొట్టెల పండింది రా అది! రేపు ఘాట్‌కు పోయెటోనివి, దాన్ని తొక్కి పోతవా?"

"రాయి రాయే అవ్వా. నువ్వు పోయి బువ్వ వండు."

కొడుక్కు రాయే. ఆమెకు కాదు. మొండయ్యకు ముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఈసారైనా మొండిగా బతకాలని ఆ పేరు పెట్టుకున్నారు. పురుడు నాడు ఆచారం ప్రకారం పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, కుల్లాయి తొడిగి, బిడ్డకంటే ముందు దాన్నే తొట్టెలో వేసి ఊపారు. గండాలన్నీ రాయి మోయాలని, రాయికున్న ఆయుష్షు బిడ్డకు రావాలని. బిడ్డ బతికాడు. పెళ్లాం కాన్పులో పోయినా, మగ్గం వదిలి లారీ పట్టినా, పాడు రోడ్ల మీద తిరిగినా బతికే ఉన్నాడు. అదంతా ఆ రాయి చలవేనని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం అతను చేతులు కిరసనాయిలుతో కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. శంకరవ్వ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి బయటికి వచ్చింది. తెలివితక్కువది కాదు ముసలిది. అడ్డం లేకపోతే బండి కదులుతుందని తెలుసు. వానకు కూలిన గోడ కట్టడానికి తెచ్చిన పచ్చి ఇటుకలు తెచ్చి ముందుగా చక్రానికి ఆనించి పేర్చింది. అప్పుడు రోకలి మొనతో పొడిచి పొత్రాన్ని పక్కకు దొర్లించింది. బండి కిర్రుమని, ఇటుకల మీద ఆని, నిలిచింది. ఆమె కడుపు చల్లబడింది. చెప్తే కసురుకుంటాడని చెప్పలేదు.

తిని వచ్చి మళ్లీ బండి కిందికి దూరేటప్పుడు అతను చక్రం వైపు చూడలేదు. తన చేత్తో పెట్టుకున్నదాన్ని మళ్లీ ఎవరు చూసుకుంటారు? నానిన తోలు వలయాన్ని ఇరుసుకు ఎక్కించి, చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెట్టాడు. కడిగి ఆరబెట్టిన బ్రేకు పట్టీలు బిగించాడు. రాడ్డు తగిలించే ముందు మిగిలింది ఇరుసు కొసనున్న పెద్ద నట్టు ఒక్కటే. పానా తగిలించి, దానికి పైపు తొడిగి, మడమలు నేలకు తన్నిపెట్టి ఉన్న బలమంతా పెట్టి గుంజాడు. బండి ఊగింది. ఇటుకలు నలిగి మన్నయ్యాయి. పెద్ద చప్పుడేమీ కాలేదు. లారీ తాపీగా వీధి వైపు కదిలి, అతని మీదుగా పోయి, ఎదురింటి గోడకు ఆని ఆగింది.

పొత్రానికి పసుపు రాస్తున్న శంకరవ్వకు "అవ్వా" అని ఒక్క పిలుపు వినబడింది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది.

"నేనే తీసిన. నా చేతులతోని నేనే తీసిన," అని వచ్చినవాళ్లందరికీ పసుపు చేతులు చూపించింది.

"ఊకో అవ్వా, వాని గడియ అట్లున్నది," అన్నాడు జబ్బార్ సేఠ్. అందరూ అదే మాట అన్నారు. ఒక్కరైనా తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. ఎవరూ తిట్టలేదు.

దహనం అయిన మర్నాడు సేఠ్ బండిని చూడటానికి వచ్చి, పంచె ఎగగట్టి కిందికి దూరాడు. ఎక్కడా నూనె బొట్టు లేదు. నట్టుకు పానా అలాగే పట్టుకుని ఉంది. పైపు పట్టుకుని లాగి చూశాడు. నట్టు వెంట్రుకవాసి కూడా తిరగలేదు, అంతగా బిగిసింది. అతను దాన్ని ఊడదీయకుండానే బయటికి వచ్చాడు. ఇరుసు కింద ఆ పైపు, నూనె వేళ్ల గుర్తులతో, నేలకు జానెడు ఎత్తున వేలాడుతూ ఉంది.