తాగకూడని కాఫీ

తుమాదిర్ అలిగి పుట్టింటికి వచ్చి నెల కావస్తోంది. అమ్మాన్ నగరానికి దగ్గర్లోని సల్త్ ఊళ్ళో ఆ మెట్ల వీధుల వెంట ఈ సంగతి తెలియని గడప లేదు. మొగుడు కొట్టాడా అంటే లేదు. తిట్టాడా అంటే, నోరు విప్పితే కదా తిట్టడానికి! తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇళ్ళ కప్పుల మీద ఎండకి నీళ్ళు కాగే మిషన్లు బాగుచేసుకుని బతికే మనిషి, పేరు హాయిల్. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కూతురు జుమానాని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. అలాంటివాణ్ణి వదిలి వచ్చిందంటే ఈవిడకే ఏదో తిక్క ఉందని ఊరు తేల్చేసింది. ఊరికేం పోయింది, తేల్చడానికి ఖర్చా ఏమన్నానా?

అసలు సంగతి హాయిల్ అన్నగారితో వచ్చింది. మిఫ్లిహ్ అని, మహా మాటకారి. పెళ్ళికి పిల్లనడగాలన్నా, తగువు తీర్చాలన్నా, ఆ వంశంలో నలుగురు పెద్దలు కలిసి ఎవరి గుమ్మానికి వెళ్ళాలన్నా ముందు నడిచేది ఆయనే, మాట్లాడేదీ ఆయనే. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచాడు, పనిలో పెట్టాడు, తుమాదిర్‌ని అడిగి తెచ్చి పెళ్ళి చేశాడు. అంతవరకు చల్లని మనిషే, కాదనకూడదు. అయితే తమ్ముడికి పెళ్ళయ్యాక కూడా తమ్ముడి నోరు తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు. తుమాదిర్ రాత్రి మొగుడికి ఏం చెప్పినా, దాని జవాబు మర్నాడు బావగారి నోట్లోంచి వచ్చేది. పిల్లని ఏ బళ్ళో వెయ్యాలన్నా అంతే, తలుపుకి ఏ రంగు కొట్టించాలన్నా అంతే. పడగ్గదిలో ముగ్గురు పడుకున్నట్టుంది అత్తా, అని ఓసారి మేనత్త దగ్గర ఏడ్చింది కూడా.

చివరికి దుకాణం దగ్గర తెగింది. తుమాదిర్ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టీ, కాయల్లో కూరీ, అడిగినవాళ్ళ ఇళ్ళకి పంపేది. ఆమె చేతి వంటకి మంచి పేరు. మసీదు వెనక సందులో చిన్న గది ఖాళీ అయిందనీ, అక్కడ పెట్టుకుంటే బాగుంటుందనీ హాయిల్‌తో చెప్పింది. అతను తలూపాడు. అది అవునో, కాదో, నిద్రొస్తోందనో ఆ దేవుడికే ఎరుక. పొద్దున్నే మిఫ్లిహ్ వచ్చాడు. కూర్చుని, కాఫీ తాగి, ఆ చోటు మంచిది కాదమ్మాయ్, ఇంట్లోనే చేసుకో, అని లేచి వెళ్ళిపోయాడు. తుమాదిర్‌కి ఒళ్ళు భగ్గున మండింది. సాయంత్రానికల్లా పిల్లనీ బట్టల సంచినీ తీసుకుని పుట్టింటి మెట్లెక్కేసింది.

మేనత్త నిజ్మా చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. మొగుడూ పెళ్ళాలను కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరమ్మ అమ్మాన్‌లో ఒకావిడ ఉందని వాకబు చేసి, ఇద్దరినీ అక్కడికి రప్పించింది. హాయిల్ వచ్చాడు. వెనకాల మిఫ్లిహ్ కూడా వచ్చాడు. ఇంట్లో మీకు ఏం కష్టంగా ఉందని డాక్టరమ్మ హాయిల్‌ని అడిగితే మిఫ్లిహ్ చెప్పాడు. మీ భార్యలో మీకు నచ్చేదేమిటని అడిగితే దానికీ మిఫ్లిహే, పెద్దలంటే మర్యాద తెలిసిన పిల్ల, అని కితాబిచ్చాడు. మీరు కాస్త బయట కూర్చుంటారా అని ఆవిడ నెమ్మదిగా అనేసరికి ఆయనకి తల కొట్టేసినట్టయి లేచి పోయాడు. అన్న లేస్తే తను కూర్చోవడం మర్యాద కాదని హాయిల్ కూడా లేచాడు. మిగిలింది తుమాదిర్, డాక్టరమ్మ, రెండు ఖాళీ కుర్చీలు.

"మీ ఆయనకి చెప్పడానికేం లేక కాదమ్మా," అంది డాక్టరమ్మ. "నేను అడిగిన ప్రతిసారీ ఆయన ఆలోచిస్తున్నారు, చూశాను. జవాబు తయారయ్యేలోపు ఇంకెవరో చెప్పేస్తున్నారు. మీరు అడిగాక ఎంతసేపు ఆగుతారు?"

తుమాదిర్‌కి చిర్రెత్తుకొచ్చింది. తప్పు వాళ్ళది, ప్రశ్న తనకా? తిరుగు దారి పొడుగునా బస్సులో నిజ్మాతో ఆ డాక్టరమ్మని ఆడిపోసుకుంటూనే వచ్చింది. నిజ్మా మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ కొట్టింది.

ఈలోగా మిఫ్లిహ్ ఈ డాక్టర్లూ గీక్టర్లూ మన ఇంటా వంటా లేవని చెప్పి, శుక్రవారం పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తున్నామని కబురు పెట్టాడు. తుమాదిర్ గుండెల్లో రాయి పడింది. పెద్దలు వస్తే ఏం జరుగుతుందో పుట్టిన పిల్లకి కూడా తెలుసు. కాఫీ ఇస్తారు. పెద్దమనిషి ఆ కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుని, వచ్చిన పని చెబుతాడు. ఇంటాయన సరేనంటేనే తాగుతారు. తాగకుండా లేచి వెళ్ళారంటే ఆ ఇంటి పరువు మెట్ల మీద నుంచి కిందికి దొర్లినట్టే.

"నీ మాటే నా మాట తల్లీ," అన్నాడు తండ్రి అబూ ఖల్దూన్, జపమాల వేళ్ళ మధ్య తిప్పుకుంటూ. "కానీ అంతమంది పెద్దలు నా ఇంట్లో కాఫీ చల్లారబెట్టుకుని కూర్చుంటే, తాగండయ్యా అనక నాకు తప్పుతుందా?"

"వాళ్ళు అడిగేది నిన్ను నాన్నా. నన్ను అడిగేవాళ్ళే లేరా?"

ఆయన జపమాల తిప్పడం ఆపాడు. శుక్రవారం వచ్చేదాకా తుమాదిర్‌కి అన్నం సయించలేదు. హాయిల్ మీద ఇష్టం చచ్చిపోయి ఉంటే బాధే లేకపోయేది. ఉంది కనకే ఏడుపు. వెళ్ళాలనే ఉంది, అయితే అదే ఇంటికి, అదే బావగారి జవాబుల మధ్యకి కాదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక కార్లు వచ్చి వీధి మొదట్లో ఆగాయి. మగవాళ్ళంతా ముందు గదిలో గోడల వెంట కూర్చున్నారు. ఆడవాళ్ళు పక్క గదిలో, ఓరగా తీసిన తలుపు వెనక. తుమాదిర్ పినతండ్రి కొడుకు కాఫీ పోస్తూ వచ్చాడు. మిఫ్లిహ్ మొదటి కప్పు అందుకుని ముందున్న బల్ల మీద పెట్టి, ఠీవిగా మొదలెట్టాడు. మన రెండు వంశాలూ ఎప్పటివీ, మన తాతలు ఎలాంటివాళ్ళూ, వాళ్ళు పంచుకున్న ఉప్పూ రొట్టే ఎలాంటివీ! మాటలు గడగడా దొర్లుతున్నాయి. తుమాదిర్ తలుపు సందులోంచి హాయిల్‌నే చూస్తోంది. చిక్కిపోయాడు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు. చేతిలో కప్పు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, లోపల ఏదో వల్లె వేసుకుంటున్నట్టు.

వేసుకుంటూ వేసుకుంటూ కప్పెత్తి కాఫీ తాగేశాడు. తాగడమే కాదు, చాలు అన్నట్టు ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపాడు కూడా.

మిఫ్లిహ్ మాట సగంలో ఆగిపోయింది. గదిలో పెద్దలంతా కొయ్యబారిపోయారు. అడగడానికి వచ్చినవాడే తాగేశాడంటే ఇక అడిగేదేం లేదని అర్థం. పక్క గదిలో నిజ్మా తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది, నవ్వాపుకోలేక. తుమాదిర్‌కి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంత మతిమరుపు మనిషినా నేను కట్టుకున్నది అనుకుంది.

మిఫ్లిహ్ సామాన్యుడా? క్షణంలో సర్దుకున్నాడు. ఈ ఇంటి పెద్దరికం మీద మా తమ్ముడికి ఎంత నమ్మకమంటే, మీరు సరేననకముందే తాగేశాడు చూడండి, అన్నాడు. హమ్మయ్య అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అబూ ఖల్దూన్ కూడా, పోనీలే గండం గడిచిందని, తాగండి అనబోయాడు.

"కాదన్నా," అన్నాడు హాయిల్.

పుట్టి బుద్ధెరిగాక అన్న మాటకి కాదనడం అదే మొదలు. మిఫ్లిహ్ మొహం పాలిపోయింది.

"నువ్వు చెప్పేది నేను వినలేదన్నా. తుమాదిర్‌తో ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. గొంతెండిపోయి తాగేశాను." మామగారి వైపు తిరిగాడు. "తాగేశాను కనక మిమ్మల్ని అడిగేది ఇక లేదు మామయ్యా. మీరు సరేనంటే తననే అడుగుతాను."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇలాంటిది ఎవరూ ఇంతవరకు చూడలేదు. అబూ ఖల్దూన్ తలుపు వైపు తిరిగి కూతురిని పిలిచాడు. తుమాదిర్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. 

"నువ్వు అడగ్గానే నాకు జవాబు రాదు," అన్నాడు హాయిల్, ఒక్కో మాటా తవ్వి తీస్తున్నట్టు. "రెండు రోజులకో మూడు రోజులకో వస్తుంది. ఈలోపు నీకు కోపం వస్తుంది. నీ కోపానికి భయపడి అన్న దగ్గరికి పోతాను. అంతే. నీ మీద ఇష్టం లేక కాదు."

మిఫ్లిహ్ తల దించుకున్నాడు. అంత మాటకారికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను అబూ జుమానా," అంది తుమాదిర్, జుమానా తండ్రీ అని ఎప్పుడూ పిలిచే పిలుపుతో. "ఆ దుకాణం సంగతి ఏం చేద్దాం?"

హాయిల్ నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. మిఫ్లిహ్ అలవాటుకొద్దీ గొంతు సవరించుకున్నాడు. అబూ ఖల్దూన్ ఆయన మోకాలి మీద చెయ్యేసి ఆపాడు. తుమాదిర్ నాలుక దురద పెట్టేస్తోంది. చూశారా, ఎప్పుడూ ఇంతే, అనెయ్యాలని ఉంది. ఇంతకు ముందైతే అనేసేది. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎవరి ఫోనో మోగితే గబుక్కున నొక్కేశారు. ముసలాయనొకడు దగ్గాడు. ఆమె కదల్లేదు.

"నేను వెళ్ళి ఆ గది చూశాను," అన్నాడు హాయిల్ చివరికి. "నువ్వు వచ్చేసిన మర్నాడే. పైన ట్యాంకు పగిలిపోయి ఉంది, గొట్టాలన్నీ తుప్పు. నీ వంటకి ఆ నీళ్ళు చాలవు. ఆ గది సొంతదారుని అడిగి ట్యాంకు మార్చాను. గొట్టాలు వేశాను. మొన్ననే అయిపోయింది. వేడినీళ్ళు కూడా వస్తాయి."

తుమాదిర్ అతని చేతులకేసి చూసింది. ఈ నెల రోజులూ తను ఏడుస్తూ పడుకుంటే ఈ మనిషి తన కోసం గొట్టాలు బిగిస్తున్నాడా!

"మరి నాకు చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను? నువ్వు ఇంట్లో లేవు కదా."

తుమాదిర్‌కి దానికి జవాబు తట్టలేదు. అంత నోరున్న మనిషీ అలా నిలబడిపోయింది. హాయిల్ తొందరపెట్టలేదు. ఆమె మొహంలోకి చూస్తూ ఆగాడు. తుమాదిర్ తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ముందు ఇంటికి పద," అంది. "అక్కడ చెప్తాను."